పాత ఇత్తడి కొళాయిలకు, గొలుసు ట్యాంకులకు విడిభాగాలు సంపాదించే పద్ధతి

తిరుపతి పాత వీధుల్లోనో, చిత్తూరు గ్రీమ్స్‌పేట పక్కనో తాతల నాటి ఇల్లు ఉంటే, బచ్చలింట్లో బరువైన ఇత్తడి కొళాయి, మరుగుదొడ్డిలో పోత ఇనుము గొలుసు ట్యాంకు, వెనక వసారాలో రాగి బాయిలరు ఇంకా ఉండే ఉంటాయి. అవి కారడం మొదలైతే ప్లంబరు నోట వచ్చే మాట ఒకటే: "దీనికి స్పేర్ రాదు సార్, మార్చేద్దాం." అందులో సగమే నిజం. ఆ కంపెనీ పేరు చెప్పి అడిగితే రాదు. కొలత చెప్పి అడిగితే చాలామటుకు వస్తుంది, రాకపోతే లేత్ మీద చేయించుకోవచ్చు. అరిగేది లోపలి వాషరో, పిడితో పాటు తిరిగే వేలెడు ఇరుసు, అంటే స్పిండిలో, దాని చుట్టూ నీళ్లు ఊరకుండా ఆపే గ్లాండులోని నాలుగు చుట్ల డోరీ తాడో. బయటి ఇత్తడి ఒళ్లు ఇప్పుడొచ్చే పలుచటి కొళాయిల కంటే ఎన్నో రెట్లు గట్టిది. దాన్ని తూకానికి అమ్మేయడానికి ముందు ఇది చదవండి.

నీళ్లు కట్టేటప్పుడే మొదటి ప్రమాదం

మిద్దె మీది తొట్టి నుంచి దిగే గేట్ వాల్వును ఏళ్ల తరబడి ఎవరూ తిప్పి ఉండరు. రెంచి పెట్టి బలవంతం చేస్తే లోపల స్పిండిల్ తెగి, గేటు సగంలో ఇరుక్కుంటుంది. అప్పుడు కొళాయి పని కాస్తా తొట్టి పని అవుతుంది. గ్లాండు నట్టును పావు చుట్టు వదులు చేసి, చక్రాన్ని ముందు బిగించే వైపు వెంట్రుకవాసి, తర్వాత విప్పే వైపు వెంట్రుకవాసి ఆడిస్తూ రండి. అప్పటికీ రాకపోతే తొట్టి ఖాళీ చేసుకోవడమే మేలు. శుక్రవారం పూట, తలంట్ల వేళ ఈ పని పెట్టుకుని ఇంట్లోవాళ్లతో మాటలు పడొద్దు.

పోయింది ఏదో తేల్చుకోండి

కట్టేసినా మూతి నుంచి చుక్కలు పడుతుంటే వాషరు అరిగింది, లేదా అది కూర్చునే సీటు గాడి పడింది. తిప్పినప్పుడు పిడి కింద, స్పిండిల్ చుట్టూ నీళ్లు ఊరితే గ్లాండు డోరీ పోయింది. పిడి ఊరికే తిరుగుతూ ఎంతకీ బిగుసుకోకపోతే స్పిండిల్ మరలు అరిగాయి. కొళాయి తెరవగానే గూబలదిరేలా మోగితే జంపరు, అంటే వాషరును మోసే చిన్న ఇత్తడి పళ్లెం, వదులై కొట్టుకుంటోంది.

మొదట్లోనే ఇంకొకటి చూడాలి. కొళాయి ఒంటిని ఎవరికీ కనపడని చోట ఆకురాయితో కొద్దిగా గీకండి. గీత పసుపుపచ్చగా మెరిస్తే ఇత్తడి బాగుంది. రాగిలా ఎర్రగా, గుల్లగా కనిపిస్తే ఇత్తడిలోని జింకు ఏళ్ల తరబడి నీళ్లలో కరిగిపోయి రాగి మాత్రం మిగిలిందన్నమాట. అలాంటి ఒళ్లు రెంచి పట్టుకు బిస్కెట్టులా విరుగుతుంది. దానికి స్పేర్లు వెతకడం దండగ, గోడకు అలంకారంగా ఉంచుకోండి.

కొలతలు

ఇక్కడే ఎక్కువమంది దెబ్బతింటారు. అరంగుళం కొళాయిని ఎక్కడ కొలిచినా అరంగుళం రాదు. ఆ పేరు పాతకాలపు పైపు లోపలి రంధ్రం వ్యాసాన్ని బట్టి వచ్చింది. మర బయటి వ్యాసం కొలిస్తే దాదాపు 21 మిల్లీమీటర్లు ఉంటుంది. ఇప్పటి అంగళ్లలో దాన్నే 15 ఎం.ఎం. అంటారు. స్కేలు పెట్టి కొలిచి "21 ఎం.ఎం. కొళాయి ఇవ్వండి" అంటే అంగడివాడు అయోమయంగా చూస్తాడు. బ్రిటిష్ పైపు మరల లెక్క ఇదీ: మూడెనిమిదో అంగుళానికి బయటి వ్యాసం 16.7 మి.మీ., అరంగుళానికి 20.9, ముప్పావుకు 26.4, అంగుళానికి 33.2, అంగుళంపావుకు 41.9, అంగుళంన్నరకు 47.8.

వ్యాసం ఒక్కటే చాలదు, మరల ఒత్తు కూడా కావాలి. మర మీద పెన్సిలు పొడి రుద్ది, తెల్లకాగితం మీద అదిమి దొర్లించండి. వరసగా గీతలు పడతాయి. 25.4 మి.మీ. దూరంలో ఎన్ని గీతలున్నాయో లెక్కపెట్టండి. మూడెనిమిదో అంగుళానికి 19, అర, ముప్పావు సైజులకు 14, అంగుళం నుంచి పైకి 11 రావాలి.

ఈ లెక్క తప్పితే అమెరికా సామానేమో చూడండి. మన దగ్గర ఆ అనుమానానికి కారణం ఉంది. అమెరికన్ ఆర్కాట్ మిషన్ 19వ శతాబ్దంలోనే చిత్తూరు, పలమనేరు, మదనపల్లెలలో కేంద్రాలు పెట్టుకుంది. ఆ కాలపు బంగళాల నుంచి వచ్చిన సామాను అయితే కొలవకుండా ఏదీ నమ్మొద్దు. అమెరికా అరంగుళం మరకూ అంగుళానికి 14 గీతలే వస్తాయి. కానీ మర కోణం 60 డిగ్రీలు, బ్రిటిష్ దానికి 55. అందుకే ఒకదాని మీద ఒకటి రెండు చుట్లు ఎక్కి, సరిపోయిందన్న భ్రమ కలిగించి, బిగించాక కారుతుంది. ఎన్ని చుట్లు టేపు చుట్టినా ఆగదు. బయటి వ్యాసం 21.3 దగ్గర తేలి, మరల పల్లాలు కాస్త పదునుగా కనిపిస్తే రెండింటినీ కలిపే అడాప్టరును లేత్‌లో చేయించుకోవాలి.

వెర్నియర్ కాలిపర్ లేకపోతే అర, ముప్పావు అంగుళాల కొత్త జీఐ (జింకు పూత ఇనుము) నిప్పల్, అంటే బయట మర ఉన్న ముక్క, సాకెట్, అంటే లోపల మర ఉన్న ముక్క, ఒక్కొక్కటి కొని సంచిలో వేసుకోండి. పాత మర మీద కొత్త సాకెట్ చేత్తోనే మూడు నాలుగు చుట్లు హాయిగా ఎక్కాలి. ఒకటిన్నర చుట్టుకే పట్టేస్తే మురికి అడ్డం పడింది, లేదా మరే వేరు. ముందు వైరు బ్రష్షుతో మర కడిగి మళ్లీ చూడండి.

స్పిండిల్ అయితే ఈ కొలతలు రాసుకోండి: మొత్తం పొడవు, మర ఉన్న భాగం పొడవు, మర బయటి వ్యాసం, ఒక అంగుళంలో ఎన్ని మరలు, గ్లాండులో తిరిగే నున్నటి భాగం వ్యాసం, పిడి కూర్చునే తల ఆకారం, జంపరు కాడ దూరే రంధ్రం వ్యాసం. తల నలుచదరంగా ఉంటే పైనా కిందా రెండు చోట్ల కొలవండి, పాతవాటికి పైకి పోయేకొద్దీ సన్నబడే వాలు ఉంటుంది. పళ్ల తల అయితే పళ్లు లెక్కపెట్టండి. 20 పళ్లకు, 24 పళ్లకు కంటితో తేడా తెలియదు.

విప్పడం

మన బోరు నీళ్ల సున్నం, అప్పట్లో వాడిన జనపనార, సఫేదా అనే తెల్ల ముద్ద కలిసి మరలను రాయిలా పట్టేస్తాయి. జోడు దగ్గర పాత గుడ్డ చుట్టి, మరుగుతున్న నీళ్లు రెండు మూడు విడతలు పోయండి. ఇత్తడి వ్యాకోచించి పట్టు సడలుతుంది. పింగాణీ బేసిన్‌కు బిగించి ఉన్న కొళాయి మీద మాత్రం వేడినీళ్లు పోయొద్దు, బ్లోలాంప్ అసలే వద్దు. పింగాణీ టక్కున పగులుతుంది. అక్కడ తుప్పు వదిలించే నూనె చుక్కలు వేసి ఒక రాత్రి వదిలేయండి. కొళాయి ఒంటిని ఒక స్పానరుతో కదలకుండా పట్టి, రెండో స్పానరుతో తల, అంటే స్పిండిల్‌ను పట్టి ఉంచే పై భాగం, విప్పండి. ఒక్క చేత్తో విప్పబోతే బలమంతా బేసిన్ రంధ్రం మీద, లేదా గోడలోని తుప్పు పట్టిన జీఐ ఎల్బో మీద పడుతుంది. రెంచి పళ్లకు సైకిల్ ట్యూబు ముక్క తొడిగితే నికెల్ పూత గీరుకుపోదు.

గ్లాండులోంచి బూడిద రంగు తాడు ముక్కలు వస్తే అది ఆస్బెస్టాస్ డోరీ కావచ్చు. పొడిగా గీకి ఊదకండి. నీళ్లతో తడిపి, కొక్కెం కమ్మీతో లాగి, కవరులో కట్టి పారేయండి.

సున్నం వదలడానికి లీటరు గోరువెచ్చని నీళ్లకు 50 గ్రాముల నిమ్మ ఉప్పు కలిపి, భాగాలను రెండు గంటలు నానబెట్టండి. రాత్రంతా వదిలేస్తే ఇత్తడి గులాబీ రంగుకు తిరుగుతుంది. మరుగుదొడ్లు కడిగే యాసిడ్ దగ్గరికే రానీయొద్దు. పైపై మెరుపుకు చింతపండు చాలు.

ఏ సామానుకు ఏం కావాలి

మామూలు మర కొళాయికి ముందు వాషరు. కొళాయి సైజు చెప్పి వాషరు కొంటే పాతవాటికి తరచూ సరిపోదు. జంపరు పళ్లెం వ్యాసం కొలిచి, దానికి సమానమైనది, 3 మి.మీ. మందం ఉన్నది తీసుకోండి. దొరక్కపోతే గట్టి రబ్బరు షీటు నుంచి కోసుకోవచ్చు. ట్యూబు రబ్బరు పనికిరాదు. మెత్తదనానికి సీటులోకి దూరి, వారానికే చిరుగుతుంది. చన్నీళ్ల కొళాయికి చెప్పులు కుట్టేవారి దగ్గర దొరికే గట్టి తోలు కూడా బాగా పనిచేస్తుంది, ముందు గంటసేపు నానబెట్టాలి. కొత్త వాషరు వేసినా పది రోజుల్లో మళ్లీ కారితే తప్పు సీటుదే. టార్చి వేసి చూడండి, అంచు మీద సన్నటి గాడి కనిపిస్తుంది. సీటును చదును చేసే పనిముట్టు, సీటు కట్టరును, తల విప్పిన చోటి మరలోకి బిగించి రెండు మూడు చుట్లు తేలిగ్గా తిప్పితే మళ్లీ చదునవుతుంది. అంతకు మించి తిప్పితే సీటు పలుచనై, ఈసారి పూర్తిగా పోతుంది.

గ్లాండుకు 3 మి.మీ. గ్రాఫైట్ డోరీ. తాడులా చుట్టడం కంటే స్పిండిల్ చుట్టుకొలతకు ఉంగరాల్లా కోసి, ఒక ఉంగరం అతుకు మీద ఇంకో ఉంగరం అతుకు రాకుండా పేర్చడం మంచిది. మూడు ఉంగరాలు చాలు. నట్టును ఒక్కో ఎనిమిదో వంతు చుట్టు బిగిస్తూ, కారడం ఆగిన చోటే ఆపండి. పిడి బిగుసుకుంటే మీరు దాటిపోయినట్టే.

స్పిండిలే పోతే అంగడిలో చాలామంది సిరామిక్ డిస్కు హెడ్ అంటగడతారు, సగం చుట్టుతో తెరుచుకుంటుందని. తల మర సరిపోతే అది ఎక్కుతుంది కూడా. కానీ ఇసుక, సున్నం ఉన్న బోరు నీళ్లకు మేం దాన్ని సిఫారసు చేయం. డిస్కుల మధ్య ఒక్క ఇసుక రేణువు చాలు గీత పడడానికి, ఆ గీతకు మందు లేదు. పాత రబ్బరు వాషరు పద్ధతి ఇసుకను ఓర్చుకుంటుంది.

రాగి బాయిలరు కొళాయి వేరే జాతి. దానిలో వాషరు ఉండదు. వాలుగా చెక్కిన ఇత్తడి బిరడా ఒకటి అదే వాలున్న గూటిలో తిరుగుతుంది. కారితే ఏ స్పేరూ కొనక్కర్లేదు. బిరడా తీసి తుడిచి, ఇంజిన్ వాల్వులు నూరే సన్న రకం పేస్టు పెసరగింజంత పూసి, గూట్లో పెట్టి పావు చుట్టు ఇటూ అటూ తిప్పండి. పదిసార్లకోసారి పైకెత్తి, స్థానం మార్చి మళ్లీ నూరండి. ఒక్క వైపే తిప్పుతూ పోతే రింగుల్లా గాళ్లు పడతాయి. బిరడా చుట్టూ ఎక్కడా మెరుపు మచ్చ మిగలకుండా ఒకే బూడిద రంగు పట్టీ వచ్చేవరకు నూరి, సబ్బునీళ్లతో పేస్టు చుక్క కూడా లేకుండా కడిగేయండి. బాయిలరు గోడకు, కొళాయికి మధ్య ఉండేది ఫైబర్ వాషరు. అక్కడ రబ్బరు వేస్తే వేడికి గట్టిపడి పగులుతుంది.

తొట్టి బాల్ వాల్వు అయితే లివరు పట్టే చీలిక పిన్ను తీసి, పిస్టన్ బయటికి లాగి, దాని మూత విప్పితే లోపల వాషరు ఉంటుంది. ఆ మూత ఉందని తెలియక వాల్వే మార్చేస్తారు. నిమ్మ ఉప్పు నీళ్లలో నానబెడితే మూత గీత కనపడుతుంది. రాగి బుడగను చెవి దగ్గర ఊపి వినండి, నీళ్లు కదిలితే చిల్లి పడింది. టంకం పెట్టే ముందు ఇంకో చిన్న రంధ్రం చేసి నీళ్లన్నీ కార్చి, ఎండబెట్టాలి. మూసిన బుడగలో నీళ్లుండగా వేడి చేస్తే ఆవిరి ఒత్తిడికి టంకం మొహాన చిమ్ముతుంది. మొదటి చిల్లి మూసి, చల్లారాక రెండోది మూయండి. కొత్త ప్లాస్టిక్ బుడగ కొనేవారు రాడ్డు మర చూసుకోవాలి. చాలా పాత రాడ్లకు ఉండేది 5/16 అంగుళం విట్‌వర్త్ మర, అంగుళానికి 18. ఇప్పటి 8 మి.మీ. మరకు అంగుళానికి ఇరవైకి పైగా వస్తాయి. లావు ఇంచుమించు ఒకటే కాబట్టి రెండు చుట్లు ఎక్కి జామవుతుంది. రాడ్డు చివర కొత్త మర వేయించడం పది నిమిషాల లేత్ పని.

గొలుసు ట్యాంకు పనితీరు తెలిస్తే సగం ఇబ్బంది తీరుతుంది. లోపల నిలువు గొట్టం మీద పోత ఇనుము గంట బోర్లించి ఉంటుంది. గొలుసు లాగితే గంట లేస్తుంది, వదిలితే కింద పడి నీళ్లను గొట్టం మీదుగా తోస్తుంది, అక్కడి నుంచి సైఫన్ పట్టుకుని ట్యాంకంతా దిగుతుంది. మూడు నాలుగు సార్లు లాగితే గానీ నీళ్లు రాకపోతే ముందు నీటి మట్టం చూడండి. అది గొట్టం అంచుకు ఒక సెంటీమీటరు లోపు కిందే ఉండాలి. తక్కువుంటే బాల్ రాడ్డును కొద్దిగా పైకి వంచండి. మట్టం బాగున్నా పట్టకపోతే గంటను తీసి తలకిందులుగా పెట్టి నీళ్లు నింపండి. తుప్పు తిన్న చిల్లు ఉంటే కింద చెమ్మ కనిపిస్తుంది. ఆ చిల్లు గుండా గాలి దూరి సైఫన్ తెగిపోతోంది. లోపలి వైపు లోహం మెరిసేదాకా గీకి, రెండు పాళ్ల ఎపాక్సీ పుట్టీ పెట్టి ఒక రోజంతా ఆరనివ్వండి. కొత్త గంట అంగట్లో ఆశించొద్దు, పాత ట్యాంకు నుంచి తీసినదే గతి. గొలుసు, లివరు పిన్ను, కొక్కెం ఎక్కడైనా చేయించుకోవచ్చు. ఫ్లష్ పైపు కొనేటప్పుడు ఎత్తు ట్యాంకుకు 32 మి.మీ., తక్కువ ఎత్తు ట్యాంకుకు 38 మి.మీ. అని గుర్తుంచుకోండి.

వాష్ బేసిన్ వేస్ట్ కప్లింగ్‌లో హాఫ్ త్రెడ్, ఫుల్ త్రెడ్ అని రెండు రకాలు. బేసిన్ అంచు కింద నీళ్లు పొంగకుండా చిన్న రంధ్రం ఉంటే హాఫ్ త్రెడ్ కావాలి, దానికి పక్కన గాళ్లుంటాయి. పొరపాటున ఫుల్ త్రెడ్ వేస్తే ఆ రంధ్రం దారి మూసుకుపోయి, కొళాయి మరిచిపోయిన రోజు గది నిండుతుంది. బిరడా పోతే రంధ్రం పై వ్యాసం, కింది వ్యాసం రెండూ కొలిచి వాలు బిరడా కొనండి.

ఎక్కడ వెతకాలి

మొదట అటక. అప్పటి మేస్త్రీలు మిగిలిన స్పేర్లను డబ్బాలో వేసి అక్కడే పెట్టేవారు. తర్వాత ఊళ్లోని పాత హార్డ్‌వేర్ అంగళ్లు. టైల్స్ షోరూములకు పోయి లాభం లేదు, బోర్డు వెలిసిపోయిన అంగడి చూసుకోండి, అదీ మధ్యాహ్నం గిరాకీ లేని వేళ. ఆ తర్వాత గుజరీ అంగళ్లు. ఇత్తడి కరగడానికి పోయేలోపు అక్కడే కుప్పగా ఉంటుంది. తూకం ధర మీద కాస్త ఎక్కువ ఇస్తానని ముందే చెబితే పాత కొళాయిలు పక్కన పెడతారు. ఒకే రకం రెండు మూడు కొనుక్కుంటే ఒకదాని స్పిండిల్ ఇంకోదానికి పనికొస్తుంది. పాత ఇళ్లు పడగొట్టే కాంట్రాక్టరుకు కూడా ఒక మాట చెప్పి ఉంచండి.

ఊళ్లో కాకపోతే చెన్నై ప్యారిస్ కార్నర్ దగ్గరి లింగిచెట్టి వీధి, హైదరాబాదు వైపు వెళ్లేవారికి సికింద్రాబాద్ రాణిగంజ్. అచ్చంగా ప్రాచీన సామాను కావాలంటే కారైక్కుడి మునీశ్వరన్ కోవిల్ వీధి. చెట్టినాడు భవనాల నుంచి విప్పిన సామాను అక్కడికి చేరుతుంది. ఇత్తడి విడిభాగాలు పదుల సంఖ్యలో కావాలంటే గుజరాత్‌లోని జామ్‌నగర్.

పింగాణీ సామానుకు ముద్రే ఆధారం. పగిలిన పింగాణీ మూతను లేత్ మీద చేయలేం కదా. పారీ ముద్ర ఉంటే అది మన పక్కనే, చిత్తూరు నుంచి గంట ప్రయాణంలో ఉన్న రాణిపేటలో తయారైన సరుకు కావచ్చు. ఇలాంటిది చుట్టుపక్కల ఊళ్ల పాత ఇళ్లలోనే జత దొరికే అవకాశం ఎక్కువ. షాంక్స్, ట్వైఫోర్డ్స్, డౌల్టన్ ముద్రలు బ్రిటన్‌వి. వాటి పక్కన ఆర్‌డి (Rd) అని, ఒక నంబరు ఉంటే అది 1884లో మొదలైన డిజైన్ నమోదు వరస నంబరు. బ్రిటన్‌లోని పాత సామాన్ల వర్తకులకు రాసేటప్పుడు ఆ నంబరు ఇస్తే వెతుకులాట తగ్గుతుంది.

వాట్సాప్‌లో అడిగేటప్పుడు "అన్నా, పాత కొళాయి పార్టు ఉందా" అని పెడితే జవాబు రాదు. ఇలా పెట్టండి (బిబ్‌కాక్ అంటే గోడకు బిగించే మామూలు కొళాయి): "అన్నా, అరంగుళం ఇత్తడి బిబ్‌కాక్ స్పిండిల్ కావాలి. మొత్తం పొడవు 64 ఎం.ఎం., గ్లాండు దగ్గర 9.5 ఎం.ఎం., తల నలుచదరం, పైన 6, కింద 7. స్కేలు పక్కన పెట్టి ఫొటో తీశాను. ఇలాంటిదే కాకపోయినా దగ్గరి కొలతది ఉంటే చెప్పు." చివరి వాక్యం ముఖ్యం. 2 మి.మీ. పొడవున్నది లేత్ మీద తగ్గించుకోవచ్చు, పొట్టిదాన్ని పెంచలేం.

చేయించడం

లేత్ షాపుకు అరిగిన స్పిండిల్ ఒక్కటే ఇస్తే అరిగిన కొలతకే కొత్తది చేసిస్తారు. కొళాయి తల కూడా ఇచ్చి, దాని లోపలి మరకు సరిపోయేలా చేయమనండి. సరుకు ఫ్రీ కటింగ్, అంటే లేత్ మీద సులువుగా తెగే రకం, ఇత్తడి రాడ్డు. స్టీలుతో చేస్తే స్పిండిల్ అరగదు గానీ కొళాయి లోపలి మరను తినేస్తుంది. విరిగిన పిడి లాంటివి ఇసుక అచ్చులో పోయించవచ్చు. పాత పిడినే నమూనాగా పెడితే మాత్రం చల్లారాక ఇత్తడి నూటికి దాదాపు ఒకటిన్నర వంతు కుంచించుకుపోతుంది. పిడికి ఫరవాలేదు, తల కూర్చునే రంధ్రాన్ని మాత్రం పోతలో వదిలేయకుండా తర్వాత తొలిపించుకోండి.

బిగించి చూడడం

టెఫ్లాన్ టేపును మర చివర మీ వైపు ఉండేలా పట్టుకుని, గడియారం ముల్లు తిరిగే దిక్కులో 8 నుంచి 10 చుట్లు చుట్టండి. ఎదురు చుడితే బిగించేటప్పుడే ఊడి వస్తుంది. మొదటి మరను వదిలేస్తే టేపు ముక్కలు నీళ్లలోకి పోయి కొత్త వాషరు కింద ఇరుక్కోవు. పాత ఇత్తడి సాకెట్లు బలానికి నిలువునా చీలుతాయి కాబట్టి చేత్తో బిగించాక స్పానరుతో ఒకటి, ఒకటిన్నర చుట్టు చాలు.

గేట్ వాల్వు కొంచెమే తెరిచి, కొళాయి తెరిచి ఉంచి ముందు మురికి పోనివ్వండి. తర్వాత కట్టి, జోడు కింద పాత దినపత్రిక పరిచి పడుకోండి. రాత్రి తొట్టి నిండుగా ఉన్నప్పుడే ఒత్తిడి ఎక్కువ. పొద్దున కాగితం మీద మచ్చ మూతి కింద ఉంటే వాషరు, మధ్యలో ఉంటే గ్లాండు, గోడ వైపు ఉంటే టేపు. మచ్చ పడిన చోటినే మళ్లీ విప్పండి, మిగతావాటిని ముట్టుకోవద్దు.